టెంప్లేట్‌కి లెక్కలు అప్పజెప్పకు

అమ్మాయీ,

నువ్వు పంపిన ఫీజు రసీదు పేజీ కోడ్ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. లెక్క సరిగ్గానే వస్తోంది. కానీ డేటాబేస్ నుంచి వివరాలు తేవడం, ఆలస్య రుసుము లెక్కగట్టడం, టేబుల్ గీయడం అన్నీ ఒకే పీహెచ్‌పీ (వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష) ఫైల్లో కలిసిపోయాయి. జాంగోలోకి, అంటే పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఆ ఫ్రేమ్‌వర్క్‌లోకి, మార్చేముందే వీటిని విడదియ్యి.

2004లో పరీక్ష ఫలితాల పేజీ ఒకటి నేనూ ఇలాగే రాశాను. ఫలితాలొచ్చే రోజు పొద్దున డిజైన్ చూసే కుర్రాడు హెడ్డింగ్ మార్చబోయి ఒక కొటేషన్ గుర్తు చెరిపేశాడు. పేజీ తెల్లబడిపోయింది. గంటసేపు పిల్లలకి మార్కులు కనబడలేదు. అందరూ అతణ్ని తిట్టారు. తప్పు మాత్రం నాది. ఒక్క హెడ్డింగ్ మార్చడానికి ప్రోగ్రామ్‌లో చెయ్యి పెట్టాల్సిన గతి పట్టించింది నేనే.

జాంగో అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో ఓ పత్రిక ఆఫీసులో పుట్టింది. 2005లో బయటికి విడుదల చేశారు. హెచ్‌టీఎమ్‌ఎల్ మాత్రమే తెలిసినవాళ్లు కూడా దిద్దుకోగలగాలని దాని టెంప్లేట్ (పేజీ ఎలా కనబడాలో చెప్పే ఫైలు) భాషని కావాలనే చిన్నదిగా ఉంచారు. టెంప్లేట్‌లోంచి ఫంక్షన్‌కి విలువలు పంపడం కుదరదు. మొదట్లో నాకది చేతులు కట్టేసినట్టు అనిపించింది. ఇప్పుడైతే ఆ కట్టడి ఉండాల్సిందే అంటాను.

ఏది ఎక్కడ రాయాలో తేలకపోతే, ఇదే రసీదు రేపు ఎస్సెమ్మెస్‌లో పంపాల్సి వస్తే ఈ లైను అక్కడా కావాలా అని చూసుకో. గడువు దాటిందా, రుసుమెంత అన్నవి అక్కడా కావాలి. కాబట్టి అవి కోడ్‌లో తేలిపోవాలి. బాకీని ఎర్రగా చూపడం పేజీ పని. టెంప్లేట్‌లో ఇఫ్ (షరతు చూసేది), ఫర్ (జాబితాలో ఒక్కొక్కటీ తీసేది) ఉండటం తప్పు కాదు. ఇఫ్ లోపల తేదీలు తీసివేయడం మొదలైతేనే తేడా వచ్చినట్టు.

అంతా ఒక్కరోజులో చెయ్యాలని టెన్షన్ పడకు. ముందు అదే ఫైల్లో, తెచ్చేదీ లెక్కగట్టేదీ పైకి, చూపించేది కిందికి జరుపు. పేజీలోకి అచ్చువేసే ఎకో అన్న మాట పై భాగంలో ఎక్కడా రాకూడదు. అలా వారం నడిచాక కింది భాగాన్ని కోసి వేరే ఫైల్లో పెట్టు.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెబుతున్నాను. విద్యార్థి పేరు గడిలో ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్ (చూసేవాళ్ల బ్రౌజర్లో ప్రోగ్రామ్ నడిపించేది) రాస్తే జాంగో దాన్ని మామూలు అక్షరాలుగానే చూపిస్తుంది. ఈ విలువని నమ్మి ఉన్నదున్నట్టు వదిలెయ్యమని చెప్పే సేఫ్ ఫిల్టర్ పెడితే ఆ కాపలా పోతుంది. బయటివాళ్లు టైప్ చేసిన దేనికీ అది పెట్టకు. ఇప్పటి పీహెచ్‌పీ పేజీలో ఆ కాపలా అసలు లేదు, కాబట్టి ప్రతి విలువనీ, ట్యాగ్‌లని మామూలు అక్షరాలుగా మార్చే హెచ్‌టీఎమ్‌ఎల్ స్పెషల్ క్యారెక్టర్స్ (htmlspecialchars) ఫంక్షన్‌లోంచి పంపడం ఈరోజే మొదలుపెట్టు.

జాంగోలోకి వెళ్లాక, 60 మంది జాబితాలో ఒక్కొక్కరి పక్కన కోర్సు పేరు చూపిస్తే, టెంప్లేట్‌లో విద్యార్థి నుంచి కోర్సుకి వెళ్లడానికి పెట్టే, అమాయకంగా కనిపించే ఆ ఒక్క చుక్క వెనక 61 క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) నడవొచ్చు: జాబితాకి ఒకటి, ఒక్కొక్కరి కోర్సుకి ఒకటి. వ్యూలోనే, అంటే డేటా తెచ్చి టెంప్లేట్‌కి అందించే కోడ్‌లోనే, కోర్సునీ కలిపి తెచ్చే సెలెక్ట్ రిలేటెడ్ (select_related) పెట్టి తెస్తే ఒక్కటి చాలు. ఆదివారం ఫోన్ చెయ్యి, స్క్రీన్ షేర్ పెట్టుకుని చూపిస్తాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి