కనిపెట్టుకుని ఉండటం గురించి

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి భోజనాలయ్యాక ఏకబిగిన చదివేశాను. రెండోసారి పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. పోలండ్‌లోని వార్సాలో నాజీలు యూదులను బంధించి ఉంచిన ఘెట్టోలో, చిరిగిన కోట్లు తిరగేసి కుట్టే ఆ ముసలి దర్జీని నా కళ్ళకు కట్టించావు. సూదిలో దారం ఎక్కించమని మనవణ్ణి పిలవడం, వాడు లేడని గుర్తొచ్చి తనే దారం కొసను నోట్లో తడుపుకోవడం... ఆ నాలుగు లైన్లు ఎవరూ నేర్పితే వచ్చేవి కావు. వాటి జోలికి పోవద్దు.

నాకు తేడా కొట్టింది ఆరో పేజీ దగ్గర. అక్కణ్ణుంచి దర్జీ కుట్టడం మానేశాడు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని మెస్సీయ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పదకొండు పేజీలు అలాగే కూర్చున్నాడమ్మా. చివర్లో "ఇంకా రాలేదేం?" అని ఒక కేక పెట్టి ప్రాణం వదిలాడు. చదివినవాళ్ళకు ఏడుపొస్తుందని రాశావు. నాకు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇంత ఉత్తరం.

ఎదురుచూపు అనగానే మనకు వీధి గుమ్మం, కిటికీ, కుర్చీ గుర్తొస్తాయి. కానీ మన భాషలోనే ఇంకో మాట ఉంది. తెలుగు బైబిల్లో హబక్కూకు ప్రవక్త మాట "అది ఆలస్యముగా వచ్చినను దానికొరకు కనిపెట్టుము" అని ఉంటుంది. చిన్నప్పుడు మా వీధి చర్చి మైకులో ఇది విని వింతపడేదాన్ని. కనిపెట్టడమంటే రేడియో కనిపెట్టడం, దొంగను కనిపెట్టడం కదా అనుకునేదాన్ని. తర్వాతెప్పుడో మా అమ్మమ్మ "పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టుకుని ఉండవే" అన్నప్పుడు అర్థమైంది. పాలు కనిపెట్టుకుని ఉన్న మనిషి ఊరికే కూర్చోదు. చేతులు కూర తరుగుతుంటాయి, చెవి మాత్రం పొయ్యి వైపే ఉంటుంది. మంట ఎక్కువైతే తగ్గిస్తుంది. యూదుల ఎదురుచూపు ఈ తీరుగా ఉంటుంది. నీ కథలో లేనిది అదే.

ముందు ఒక పొరపాటు సరిచేసుకో. నీ దర్జీ ప్రార్థన చేస్తూ "నా పాపాలు మోయడానికి రావయ్యా" అన్నాడు. ఆ మాట చర్చిలో సరిపోతుంది, ఆయన నోట సరిపోదు. మనలో చాలామందికి మెస్సీయ అంటే యేసే గుర్తొస్తాడు కాబట్టి ఇలా జరుగుతుంది. హీబ్రూలో మషియాహ్ అంటే అభిషిక్తుడు, తలమీద నూనె పోసి రాజుగా నిలబెట్టినవాడు. యూదుల నమ్మకంలో ఆయన దావీదు వంశంలో పుట్టే మనిషి, దేవుడు కాడు. చెదిరిపోయిన జనాన్ని మళ్ళీ ఒకచోటికి చేరుస్తాడు, లోకంలో యుద్ధాలు ఆగుతాయి. ఆయన ఇంకా రాలేదు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చిన దగ్గర్నుంచి లెక్కేసినా 1950 ఏళ్ళు దాటింది. నువ్వు ఒకచోట శబరితో పోల్చావు. పోలిక అందంగానే ఉంది, అయినా తీసెయ్. శబరి దగ్గరికి రాముడు వచ్చాడు, పండు తిన్నాడు. ఇక్కడ పండు ఇంకా బుట్టలోనే ఉంది.

ఇప్పుడు నీకు రెండు పీపాల సంగతి చెప్తాను.

17వ శతాబ్దంలో జర్మనీలోని హాంబర్గ్‌లో గ్లుకెల్ అనే యూదు స్త్రీ ఉండేది. వ్యాపారం తెలిసిన మనిషి. 1689లో భర్త పోయాక, నిద్ర పట్టని రాత్రుల్లో, తన జీవితాన్ని యిద్దిష్ భాషలో పిల్లల కోసం రాసిపెట్టింది. ఆమె చిన్నతనంలోనే, 1648లో, ఉక్రెయిన్ వైపు ఖ్మెల్నిత్‌స్కీ తిరుగుబాటులో వేలకు వేలమంది యూదులను ఊచకోత కోశారు. ఆ గాయం మానకముందే 1665లో స్మిర్నా పట్నానికి చెందిన షబ్బతాయ్ జ్వీని మెస్సీయ అని ప్రకటించారు. స్మిర్నా అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్. ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చాయి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి యెమెన్ దాకా యూదుల ఇళ్ళలో అదే మాట. ఉన్నదంతా అమ్ముకుని ప్రయాణానికి సిద్ధమైనవాళ్ళు ఉన్నారు. గ్లుకెల్ మామగారు హామెల్న్‌లో ఇల్లూ వాకిలీ వదిలేసి హిల్డెస్‌హైమ్ వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచి హాంబర్గ్‌లో ఉన్న కొడుకూ కోడలి ఇంటికి రెండు పెద్ద పీపాలు పంపాడు. వాటిలో నార బట్టలు, బఠాణీలు, చిక్కుడు గింజలు, మన ఉప్పుకండం లాంటి ఎండు మాంసం, ఇలా నిలవ ఉండేవన్నీ కుక్కి పెట్టాడు. పిలుపు రాగానే హాంబర్గ్ రేవులో ఓడెక్కి పవిత్ర భూమికి వెళ్ళిపోవాలి, అప్పుడు సర్దుకునే టైం ఉండదని ఆయన ఆలోచన.

1666లో సుల్తాను ఎదుట షబ్బతాయ్ ఇస్లాం పుచ్చుకున్నాడు. పీపాలు ఇంట్లోనే ఉన్నాయి. ఏడాది దాటింది. మాంసం కుళ్ళితే బట్టలు కూడా పాడవుతాయని, తిండి సరుకుల వరకు తీసేయమని ముసలాయన కబురు పెట్టాడు. తిండి మాత్రమే. మిగతావి ఇంకా అలాగే ఉంచమన్నాడు. మొత్తం మూడేళ్ళు ఉన్నాయట.

ఆ పీపాల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. నడవలో అడ్డంగా ఉండి ఉంటాయి. పిల్లలు వాటి వెనక దాక్కుని ఆడుకుని ఉంటారు. మూత తీసిన రోజు ఇల్లంతా ఏం వాసన వచ్చిందో! పురుగు పట్టిన బఠాణీలను ఆ ఇల్లాలు ఏరి వండిందా, పారబోసిందా? వండితే మామగారి ఆశను ఉడకేసినట్టు అనిపించిందా? ఇవన్నీ ఊహించడమే మన పని. "అతని విశ్వాసం సడలింది" అని నువ్వు పన్నెండో పేజీలో రాశావే, ఆ వాక్యం నాకేమీ చూపించలేదు. పీపాలో నుంచి తిండి తీసేసి బట్టలు మాత్రం అలాగే ఉంచమన్న మనిషి మాత్రం నాకు కనబడుతున్నాడు. ఆయన నమ్మకం ఎంత మిగిలిందో ఆ బట్టలే చెప్తాయి.

రెండో సలహా. నీ కథలో రబ్బీ (యూదుల మతగురువు) లెక్కలు కట్టి ఫలానా పండక్కి మెస్సీయ వస్తాడని చెప్తాడు. రబ్బీ నోట ఆ మాట అంత తేలిగ్గా రాదు. "అంతం ఎప్పుడో లెక్కలు కట్టేవాళ్ళ ఎముకలు పుచ్చిపోవాలి" అని యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం తాల్ముద్‌లో ఒక రబ్బీ శాపమే పెట్టాడు. 1172 ప్రాంతంలో యెమెన్‌లో యూదులను బలవంతంగా మతం మారుస్తున్నారు, అదే సమయంలో ఒకడు నేనే మెస్సీయకు దూతనంటూ తిరుగుతున్నాడు. ఆ జనం ఈజిప్టులో ఉన్న మైమోనిడెస్‌కు ఉత్తరం రాసి ఏం చేయమంటారని అడిగారు. ఆయన వైద్యుడు, పెద్ద పండితుడు, తనూ అలాంటి బలవంతం వల్లే కుటుంబంతో కోర్దోబా వదిలి వచ్చినవాడు. లెక్కలు కట్టొద్దు, వాణ్ణి నమ్మొద్దు, నిబ్బరంగా ఉండండి అని రాశాడు. చిత్రమేమిటంటే, అదే లేఖలో తమ ఇంట్లో తాతల నుంచి వస్తున్న ఒక లెక్క ఉందని కూడా చెప్పాడు. ఎంత గొప్పవాడైనా జనం ఏడుస్తుంటే వట్టి చేతులు చూపించలేకపోయాడు. నీ రబ్బీ లెక్క చెప్పాల్సి వస్తే ఇలా చెప్పాలి, తను కూడదన్న పని తనే చేస్తున్నానని తెలిసి, గొంతు తగ్గించి.

నీ దర్జీకి ఎదురుమాట చెప్పేవాడు కూడా ఒకడు కావాలి. కథలో అందరూ తల ఊపుతున్నారు. యూదుల పాత గ్రంథాలు అలా ఉండవు, ఎదిరించినవాడి మాటను కూడా పదిలంగా దాచిపెడతాయి. 132లో రోమ్ మీద తిరగబడ్డ బర్ కోఖ్బాను చూసి మహా పండితుడైన రబ్బీ అకీవా ఇతనే మెస్సీయ అన్నాడు. పక్కనున్న రబ్బీ యోహానాన్ బెన్ తోర్తా ఏమన్నాడో తెలుసా? "అకీవా, నీ బుగ్గల్లో గడ్డి మొలుస్తుంది, అప్పటికీ దావీదు కుమారుడు రాడు." 135లో తిరుగుబాటు నలిగిపోయింది. మాట నిజమైంది, అయినా ఎదురుచూపు ఆగలేదు. వార్సాలో అయితే బుండ్ అనే యూదు కార్మిక పార్టీవాళ్ళు ఉండేవాళ్ళు. దర్జీ పక్క గదిలో అలాంటి కుర్రాణ్ణి ఒకణ్ణి పెట్టు. వాడి చొక్కాకి గుండీ కుట్టిస్తూ వాదించుకోనీ.

నాకు ప్రాణమైన ఘట్టం ఒకటుంది. అది కూడా తాల్ముద్‌లోదే. రబ్బీ యెహోషువ బెన్ లేవికి ఏలీయా ప్రవక్త ఎదురయ్యాడు. మెస్సీయ ఎప్పుడొస్తాడని అడిగితే, వెళ్ళి ఆయన్నే అడుగు అన్నాడు ఏలీయా. ఎక్కడుంటాడంటే, రోమ్ నగర ద్వారం దగ్గర అన్నాడు. ఎలా గుర్తుపట్టాలి? పుండ్లతో బాధపడే పేదల మధ్య కూర్చుని ఉంటాడు. మిగతావాళ్ళు కట్లన్నీ ఒకేసారి విప్పుకుని మళ్ళీ కట్టుకుంటారు. ఆయన మాత్రం ఒక్క కట్టు విప్పి, అది కట్టాకే ఇంకోటి విప్పుతాడు. ఏ క్షణాన పిలుపొస్తుందో, ఆలస్యం కాకూడదని. రబ్బీ వెళ్ళాడు, కలిశాడు, ఎప్పుడొస్తారని అడిగాడు. "ఈ రోజే" అన్నాడాయన. ఆ రోజు రాలేదు. నాతో అబద్ధమాడాడని రబ్బీ బాధపడితే ఏలీయా కీర్తనల్లోని మాట గుర్తుచేశాడు: ఈ రోజే, మీరు ఆయన స్వరం వింటే.

వచ్చేవాడు కూడా కనిపెట్టుకునే కూర్చున్నాడమ్మా. అక్కడ, గేటు బయట, ఒక్కో కట్టే మార్చుకుంటూ. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు కాసేపు పుస్తకం మూసేయాల్సి వచ్చింది. నీ దర్జీకి ఇది తెలిసే ఉంటుంది, చిన్నప్పుడు చదువుకుని ఉంటాడు. తెలిసినవాడు ఎలా కుడతాడు? ఒకేసారి రెండు కోట్లు విప్పి పెట్టుకోడు. ఈ మాట కథలో ఎక్కడా చెప్పకు. కుట్టించు, చాలు.

వార్సా గురించి నీకు తెలియాల్సినవి ఉన్నాయి. 1942 జులై 22న ఘెట్టో నుంచి ట్రెబ్లింకా మరణ శిబిరానికి జనాన్ని తీసుకెళ్ళే రైళ్ళు మొదలయ్యాయి. ఆ సాయంత్రమే ఆలయం కూలిన దినం, తిషా బె ఆవ్ ఉపవాసం మొదలవుతుంది. మెస్సీయ పుట్టేది కూడా ఆ రోజేనని ఒక సంప్రదాయం ఉంది. నీ కథలో తేదీలే లేవు. దర్జీకి జర్మన్ క్యాలెండర్ అక్కర్లేదు, తన పంచాంగం తప్పకుండా తెలుస్తుంది. అదే ఘెట్టోలో పియాసెచ్నో ఊరి రబ్బీ కలోనిమస్ కల్మన్ షపీరా ఉండేవాడు. 1939 బాంబు దాడుల్లో కొడుకు పోయాడు. అయినా 1942 వేసవి దాకా జనానికి ప్రసంగాలు చెప్తూ, రాసి పెట్టాడు. ఆ కాగితాలను ఘెట్టో బతుకును రహస్యంగా రాసిపెట్టిన రింగెల్‌బ్లుమ్ బృందం దాచిన కాగితాలతో పాటు పాల క్యాన్లలో పాతిపెట్టారు. దొరికినవాళ్ళు తన తమ్ముడికి చేర్చమని చీటీ కూడా పెట్టాడు. 1943లో ఆయన్ని చంపేశారు. 1950లో ఆ శిథిలాల్లో తవ్వుతుంటే క్యాన్లు బయటపడ్డాయి. "ఆయన ఎంత ఆలస్యం చేసినా రోజూ ఎదురుచూస్తాను" అనే పాటను ఘెట్టోల్లో, క్యాంపుల్లో పాడుకున్నారు. అందరూ పాడలేదు. దేవుణ్ణి తిట్టినవాళ్ళూ ఉన్నారు, నోరు మూసుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను కూడా గౌరవంగా రాయి.

ఇజ్రాయెల్ యుద్ధం గురించి కూడా ఒక పాత్ర చేత చెప్పించాలని ఉందన్నావు ఫోన్లో. ఈ కథలో వద్దు. 1948లో ఏర్పడిన ఇజ్రాయెల్‌ను విమోచనకు తొలి మొలక అనే యూదులున్నారు. మెస్సీయ రాకముందు మనిషి తొందరపడి రాజ్యం కట్టడమే తప్పనే సత్మార్ హసీదులనే సనాతన యూదులున్నారు. రెండూ పట్టించుకోకుండా రోజూ ప్రార్థన చేసుకునేవాళ్ళు ఉన్నారు. "యూదులు ఇలా అనుకుంటారు" అని మొదలయ్యే వాక్యం ఎక్కడ కనబడినా కొట్టేయ్.

పుస్తకాలు చదివితే చాలదు, మనుషుల దగ్గర కూర్చో. ముంబైలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఠాణేలో మా సహోద్యోగి ఇంట్లో మలీదా తిన్నాను. వాళ్ళు కొంకణ్ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు. నానబెట్టిన అటుకులు, కొబ్బరి కోరు, చక్కెర, యాలకుల పొడి కలిపి పళ్ళెంలో గుట్టగా పోసి చుట్టూ పళ్ళు పెట్టారు. మెస్సీయ రాకను ముందుగా చెప్పేవాడు ఏలీయానే కదా, ఆయన పేరు పాడుతూ అందరూ చుట్టూ కూర్చున్నారు. అటుకులు, కొబ్బరి చూడగానే నాకు మా ఇంటి పూజ గదిలో ఉన్నట్టే అనిపించింది. ఆ ఇంటి పెద్దావిడ పళ్ళెం నా వైపు జరిపి, ముందు అతిథికి అంది. మన గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు. ఒకసారి వెళ్ళు. నోట్‌బుక్ బయటికి తీయకుండా ముందు విను.

చివరిగా ఒక గోడ. ఆలయం కూలిన గుర్తుగా ఇంటి గోడ మీద, గుమ్మానికి ఎదురుగా, మూరెడు పొడవు మూరెడు వెడల్పు మేర సున్నం వేయకుండా వదిలేయాలని యూదుల ఆచారం. నీ దర్జీ పెళ్ళయిన కొత్తలో కట్టుకున్న ఇంట్లో అలాంటి చోటు ఉండే ఉంటుంది. ఘెట్టోలో ఆయనకిచ్చిన గదిలో గోడలన్నీ పెచ్చులూడి ఉన్నాయని రెండో పేజీలో నువ్వే రాశావు. ఆ గదిలో అడుగుపెట్టిన రోజు ఆయన గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడను ఎలా చూసి ఉంటాడు? ఆ ఒక్క చూపు రాయగలిగితే పదకొండు పేజీల కుర్చీ అక్కర్లేదు.

కేక ఉన్న పేజీ తీసెయ్. నాలుగో పేజీలో స్కూలు మాస్టారి కోటు ఉంది, దానికి ఇంకా రెండు కాజాలు కుట్టాలని రాశావు. తర్వాత ఆ కోటు మాటే ఎత్తలేదు. మాస్టారు వచ్చి తీసుకెళ్ళాడా? ఆ రెండు కాజాలు ఏమయ్యాయో రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య