అప్పకు వంతులు వేయకండి

నాయనా,

మీ అమ్మ పెద్దకర్మ నాడు మీ ముగ్గురన్నదమ్ములూ అరుగు మీద కూర్చుని, బుద్ధిమాంద్యం ఉన్న మీ అక్కను, మన అప్పను, ఒక్కొక్కరి ఇంట్లో నాలుగేసి నెలలు ఉంచుకునేలా వంతులు వేసుకుందామనుకోవడం విన్నాను. అందరి ముందూ ఎందుకని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

మా అమ్మ పోయినప్పుడు మేమూ ఇదే చేశాం. మా చెల్లి కూడా మీ అప్పలాంటిదే. తన కంచం తనే కడుక్కుంటుంది, డబ్బు లెక్క తెలియదు. మూడు నెలలు రాజాం, మూడు నెలలు బొబ్బిలి, తర్వాత విజయనగరంలో నా దగ్గర. నా ఇంటికొచ్చేసరికి రాత్రిళ్లు పక్క తడపడం మొదలైంది. మళ్లీ ఎప్పుడు బయల్దేరమంటామోనని బట్టల సంచి తల కింద పెట్టుకుని పడుకునేది. అది చూశాక తమ్ముళ్లిద్దరినీ పిలిచాను. ఇక ఇది కదలదు, కదిలితే మనమే కదలాలి అన్నాను.

అందుకే చెబుతున్నా. మనిషిని పంచుకోకండి, పనులు పంచుకోండి. అప్ప నరసన్నపేటలోనే ఉంటే తెలిసిన వీధి, పేరు పెట్టి పిలిచే ఇరుగుపొరుగు ఉంటారు. అయితే ఆ ఇంటి కోడలిని ముందు అడగండి. స్నానం, నెలసరి, బట్టలు అన్నీ ఆవిడ చేతి మీదే పడతాయి. దూరాన ఉన్నవాళ్లు డబ్బు పంపేసి వాటా తీరిందనుకోకూడదు. నెలకు రెండు రోజులైనా వచ్చి ఉండాలి, ఆ రెండు రోజులూ ఆవిడ పుట్టింటికో ఎక్కడికో వెళ్లి రావాలి. మా ఇంట్లో ఇది నిలబడ్డాకే కోపాలు తగ్గాయి.

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) మీద వచ్చే 6,000 పింఛను అప్పదే. ఖర్చు నోట్‌బుక్‌లో రాసి ముగ్గురూ చూసుకోండి. పొలం పంపకంలో నాలుగు వాటాలు వేయండి. బుద్ధిమాంద్యం ఉన్నంత మాత్రాన ఆడపిల్ల వాటా పోదు. ఇంకొకటి, 18 దాటిన మనిషి తరఫున సంతకం పెట్టే హక్కు అన్నదమ్ములకు దానంతటదే రాదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. శ్రీకాకుళం కలెక్టరేట్‌లో అడుగు. ఆ ట్రస్టుదే నిరామయ అని లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది, అదీ కట్టించు.

ఈసారి మాట్లాడుకునేటప్పుడు అప్పనూ పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమెకేం తెలుస్తుందని అనకండి. ఎక్కడుంటావే అని మా చెల్లిని అడిగితే ఎవరి పేరూ చెప్పలేదు, జామచెట్టు అంది. ఆ చెట్టు బొబ్బిలిలో మా పెద్దతమ్ముడి పెరట్లో ఉంది. ఇప్పుడు అక్కడే ఉంటోంది.

కావాలంటే ఆదివారం పొద్దున్న బస్సుకి నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ