ఎక్స్ బదులు −ఎక్స్ పెడితే ఏ గుర్తులు మారతాయి?

బహుపదిలో ఎక్స్ బదులు −ఎక్స్ పెడితే గుర్తులు కొన్నే ఎందుకు మారతాయి, ఏవి మారతాయో తొందరగా ఎలా పోల్చుకోవాలి అని అడిగారు.

ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఇక్కడ తడబడేవాళ్లు ఎక్కువగా పదం ముందున్న గుర్తునే చూస్తారు. చూడాల్సింది ఘాతాన్ని. సరి ఘాతమైతే మైనస్‌లు జంటలుగా కొట్టుకుపోయి గుర్తు ఉన్నదున్నట్టే ఉంటుంది. బేసి అయితే ఒక మైనస్ మిగిలిపోతుంది, గుర్తు తిరగబడుతుంది. స్థిరపదంలో ఎక్స్ లేదు కాబట్టి దాని జోలికి పోవద్దు.

2ఎక్స్⁴ − 3ఎక్స్³ − 5ఎక్స్² + ఎక్స్ − 7 తీసుకోండి. ఘాతాలు 3, 1 ఉన్న పదాలే మారతాయి:
2ఎక్స్⁴ + 3ఎక్స్³ − 5ఎక్స్² − ఎక్స్ − 7.

ఇది చూసి "ఒకటి విడిచి ఒకటి మార్చేస్తే చాలు కదా సార్" అంటారు పిల్లలు. మధ్యలో పదం లేకపోతే ఆ చిట్కా నిండా ముంచుతుంది. ఎక్స్⁵ − 4ఎక్స్³ + ఎక్స్² + 6 లో వరసగా ఉన్న మొదటి రెండు పదాలూ మారాలి: −ఎక్స్⁵ + 4ఎక్స్³ + ఎక్స్² + 6. నేనైతే లేని పదాలను 0ఎక్స్⁴, 0ఎక్స్ అని రాయించి మరీ చేయిస్తాను.

బ్రాకెట్ల విషయంలో బద్ధకించొద్దు. (−2)² అంటే 4, −2² అంటే −4. ఎక్సెల్‌లో మాత్రం బ్రాకెట్ లేకుండా కొట్టినా 4 అనే చెబుతుంది, దాన్ని నమ్ముకుని హోంవర్క్ చేయకండి!

సరిచూసుకోవడం తేలిక. మొదటి ఉదాహరణలో వచ్చిన కొత్త బహుపదిలో 2 పెట్టండి: 32 + 24 − 20 − 2 − 7 = 27. పాతదాంట్లో −2 పెట్టినా అదే రావాలి. 1 పెట్టి చూస్తే లాభం తక్కువ, ఘాతం తప్పు రాసుకున్నా బయటపడదు.

ఇదంతా దేనికంటే, ఫ్రెంచ్ గణితజ్ఞుడు డెకార్ట్ 1637లో ఇచ్చిన గుర్తుల నియమానికి: వరసలో గుర్తు ఎన్నిసార్లు మారితే ధన మూలాలు (బహుపదిని సున్నా చేసే ధన విలువలు) అన్ని గానీ, అంతకంటే సరి సంఖ్య తక్కువ గానీ ఉంటాయి. పాత బహుపదిలో గుర్తులు +, −, −, +, −; మూడుసార్లు మారాయి, అంటే ధన మూలాలు 3 గానీ 1 గానీ. కొత్తదాంట్లో +, +, −, −, −. మార్పు ఒక్కటే; కొత్తదాని ధన మూలమే గుర్తు మారి పాతదాని రుణ మూలం, కాబట్టి రుణ మూలం కచ్చితంగా ఒకటి. పాతదాంట్లో −1 దగ్గర విలువ −8, −2 దగ్గర 27, మధ్యలో గుర్తు మారింది. ఆ మూలం ఈ రెంటి మధ్యే ఉంది.