కంపెనీ కమ్యూనికేషన్స్ నుంచి గృహహింస నివారణ పనికి మారొచ్చా? నా అనుభవం

ఆరేళ్లుగా ఒక కంపెనీ పీఆర్‌లో ఉన్నానని, ఇప్పుడు సీఎస్ఆర్‌లో, అంటే కంపెనీ సమాజం కోసం డబ్బు పెట్టి చేసే పనుల్లో, గృహహింస నివారణ ప్రాజెక్టు ఇస్తామంటున్నారని, వెళ్లొచ్చా అని అడిగారు. వెళ్లండి. కాకపోతే ఇన్నాళ్లూ నేర్చుకున్న పనిలో సగం అక్కడ అడ్డమొస్తుంది. నాకైతే వచ్చింది.

భీమవరం వైపు ఒక రొయ్యల ప్లాంట్ గేటు దగ్గర 181 మహిళా హెల్ప్‌లైన్ నంబర్‌తో పెద్ద ఫ్లెక్సీ కట్టించాను. పైన కంపెనీ లోగో. పొద్దున్నే ఆటోలు దిగి వందలమంది ఆడవాళ్లు దాని కిందనుంచే లోపలికి వెళ్లేవారు, ఒక్కరూ తలెత్తలేదు. చివరికి రొయ్యల పొట్టు తీసే పీలింగ్ షెడ్డులో ఒక పెద్దావిడ నవ్వి, "దాన్ని చూస్తే ఈవిడింట్లో ఏదో ఉందని పక్కావిడ అనుకోదండీ? బాత్రూం తలుపుకి లోపలేపు అంటించండి, అక్కడైతే ఒక్కత్తే ఉంటాది" అంది.

పోస్టుకార్డంత కాగితం, లోగో లేకుండా అంటించాం. వారం తిరక్కుండా నంబర్ ఉన్న అంచు ఎవరో చింపుకుపోయారు. షెడ్డులోకి ఫోన్లు తేనివ్వరు కదా, రాసుకోవడానికి మరి వేరే దారేముంది? మళ్లీ అంటించాం, మళ్లీ చింపారు. నా సర్వీసులో పోస్టర్ చిరిగినందుకు సంతోషించింది అప్పుడే.

అంతకుముందు వేరే కంపెనీలో చేసిన తప్పు కూడా చెప్పాలి. కౌన్సెలింగ్‌తో కుదుటపడిన ఒకావిడ కథ కంపెనీ సొంత పత్రిక హౌస్ మ్యాగజైన్‌లో వేశాం. పేరు మార్చాం, మొహం బ్లర్ చేశాం. వెనక గుమ్మానికి ఆవిడ చేత్తో అల్లిన లేసు తోరణం మాత్రం స్పష్టంగా పడింది. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లేవాళ్లకి ఎవరి చేతిపని ఎవరిదో చెప్పక్కర్లేదు. ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో ఆవిడ అత్తగారింటికి చేరింది. ఆవిడ పని మానేసి పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ పేజీకి ఓకే చెప్పింది నేనే. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అనే సామెత చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను, అర్థమైంది మాత్రం ఆ రోజే.

చట్టం చదువుకోండి. ఇక్కడ ఎక్కువమంది అనే మాట, "ఆయన్ని జైల్లో పెట్టొద్దండీ, కొట్టకుండా చూడండి చాలు." 2005 గృహహింస చట్టంలో దానికి దారి ఉంది. ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన రక్షణాధికారి ద్వారా గానీ నేరుగా గానీ మేజిస్ట్రేట్ దగ్గర రక్షణ ఉత్తర్వు, అంటే ఇక హింసించొద్దనే ఆదేశం, తెచ్చుకోవచ్చు. ఈ చట్టం కింద దాన్ని మీరితేనే అతని మీద నేరం. ఇల్లు ఆమె పేరున లేకపోయినా అందులో ఉండే హక్కు ఉంది. కోనసీమలో కువైట్ వెళ్లి సంపాదించిన ఆడవాళ్ల డబ్బు భర్త లాక్కోవడం కూడా ఆ చట్టం ప్రకారం ఆర్థిక హింసే. ఇది చెబితే "అదీ హింసేనా అండీ?" అని ఆశ్చర్యపోతారు.

డబ్బు దగ్గర ఒక మెలిక. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద లాభాల సగటులో 2 శాతం సీఎస్ఆర్‌కి పెడతారు, కానీ కేవలం సొంత ఉద్యోగులకే మేలుచేసే పని అందులోకి రాదు. కాబట్టి బాత్రూం తలుపు కాగితం హెచ్ఆర్ ఖర్చు, ఊళ్లో మహిళా సంఘాలతో చేసేది సీఎస్ఆర్ ఖర్చు. ఈ తేడా తెలియక మొదటి ఏడాది ఆడిట్‌లో నాకు బోలెడు టెన్షన్. ఇంకోటి, దీన్ని ఒక్క ఏడాదితో అయిపోని, కొనసాగే ప్రాజెక్టుగా రాయించండి. లేకపోతే మార్చి నెలాఖరుకి డబ్బు ఖర్చుపెట్టేయమని తరుముతారు. కాపురాల గొడవలు మార్చిలోపు తేలతాయా?

చేరేముందు మీ హెడ్‌ని ఒక్కటే అడగండి: ఈ ఫొటో వద్దు అంటే ఆపే అధికారం నాకుంటుందా అని. మెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి.