మొదటిసారి ప్రాంగ్‌హార్న్ వేటకు వస్తున్న మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కు మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. వచ్చే అక్టోబర్‌లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రానికి వచ్చి, గైడ్‌తో కలిసి ప్రాంగ్‌హార్న్ అనే ఇక్కడి జింకలాంటి జంతువును వేటాడాలని ఉందని రాశావు. ఫ్లైట్ టికెట్లు ఇప్పుడే తీసేసుకోనా అని కూడా అడిగావు. వద్దురా, టికెట్లు చివర్న చూసుకుందాం. ముందు రావాల్సింది ట్యాగ్. ఏ ఏరియాలో, ఏ తేదీల మధ్య, ఏ జంతువును వేటాడవచ్చో చెప్పే ప్రభుత్వ అనుమతి అది. అది లేకుండా ఎన్ని డబ్బులున్నా, ఎంత మంచి గైడ్ ఉన్నా ఏమీ కుదరదు.

వయోమింగ్‌లో బయటివాళ్లకు ఈ ట్యాగ్‌లు లాటరీలో ఇస్తారు. డ్రా అంటారు. వేట అనుమతులు చూసే గేమ్ అండ్ ఫిష్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో దరఖాస్తులు జనవరిలో మొదలై జూన్ మొదట్లో ముగుస్తాయి. జూన్ మధ్యలో ఫలితాలు వస్తాయి. రాష్ట్రమంతా హంట్ ఏరియాలుగా విడగొట్టి, ఏటా మందల పరిస్థితి చూసి ఒక్కో ఏరియాకు ఎన్ని ట్యాగ్‌లో నిర్ణయిస్తారు. బయటివాళ్లకు మామూలు ఫీజు 326 డాలర్లు, పైన దరఖాస్తు రుసుము 15 డాలర్లు. స్పెషల్ అని ఇంకొకటి ఉంది, 1,200 డాలర్లు. ట్యాగ్ అదే, వేట అదే. ఎక్కువ కట్టేవాళ్లు తక్కువ కాబట్టి ఆ వరసలో పోటీ తక్కువ ఉండొచ్చు, అంతకుమించి తేడా లేదు. ఫీజు మొత్తం ముందే కట్టాలి, ట్యాగ్ రాకపోతే రుసుము మినహాయించి వెనక్కి ఇస్తారు. ఈ రేట్లు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజున వెబ్‌సైట్‌లో మళ్లీ చూసుకో.

ఇక్కడ ప్రిఫరెన్స్ పాయింట్లు అని ఒక పద్ధతి ఉంది, డబ్బు కట్టి ఏటా కూడబెట్టుకునేవి. ట్యాగ్‌లలో 75 శాతం ఎక్కువ పాయింట్లున్నవాళ్లకు పోతాయి, మిగతా 25 శాతం అందరికీ కలిపి లాటరీ. నీకు ఒక్క పాయింటూ లేదు. కాబట్టి రాష్ట్రం పడమర వైపు, ప్రభుత్వ భూములు విశాలంగా ఉండి అందరూ కోరుకునే ఏరియాల మీద ఆశ పెట్టుకోకు. తూర్పు వైపు చూడు. డగ్లస్, జిలెట్ ఊళ్ల చుట్టుపక్కల చాలా భూమి ప్రైవేటు ర్యాంచ్‌లదే, అంటే పెద్ద పశువుల క్షేత్రాలది. లోపలికి వెళ్లే దారి లేదని చాలామంది అటు దరఖాస్తే పెట్టరు, అందుకే అక్కడ ట్యాగ్ దొరికే అవకాశం మెరుగు. ఆ ర్యాంచ్‌లతో ఒప్పందం ఉన్న గైడ్ నీకు అక్కడే పనికొస్తాడు. చట్ట ప్రకారం ప్రాంగ్‌హార్న్‌కి గైడ్ తప్పనిసరి కాదు. ఫెడరల్ వైల్డర్‌నెస్ అని ప్రకటించిన కొండ ప్రాంతాల్లో పెద్ద జంతువుల వేటకే బయటివాళ్లకు ఆ నిబంధన. నువ్వు గైడ్‌కి ఇచ్చే డబ్బు ర్యాంచ్ తలుపు తెరిపించడానికీ, పని నేర్చుకోవడానికీ.

ఇంకో మాట. కొమ్ముల మగదే కావాలని పట్టుబట్టకు. ఆడవాటికి విడిగా ట్యాగ్‌లు ఉంటాయి, బయటివాళ్లకు ఫీజు 34 డాలర్లే. మొదటి వేటకు పెరిగిన ఆడ ప్రాంగ్‌హార్న్ చక్కటి లక్ష్యమని నా అభిప్రాయం. మాటు వేయడం, పాకడం, గాలి చూసుకోవడం, మాంసం చెడకుండా దించుకోవడం అన్నీ రెండింటికీ ఒకటే. ఫోటోలో కొమ్ములు లేకపోతే ఏమవుతుంది చెప్పు?

అవుట్‌ఫిట్టర్‌ని ఎంచుకోవడంలో తొందరపడకు. గైడ్‌లను పెట్టి వేటలు నడిపించే సంస్థను అలా అంటారు. వయోమింగ్‌లో వాళ్లకు లైసెన్స్ ఇచ్చే బోర్డు ఒకటి ఉంది, పేరు అందులో ఉందో లేదో మొదట చూడు. లేకపోతే ఎంత చవకైనా వదిలెయ్. తర్వాత ఫోన్ చేసి మాట్లాడు, మెయిల్‌తో సరిపెట్టకు. ఒక గైడ్‌కి ఒక్క వేటగాడా, ఇద్దరా? వేటాడేది సొంత ఒప్పందం ఉన్న ర్యాంచ్‌లోనా, అందరూ వచ్చే ప్రభుత్వ భూమిలోనా? బస, భోజనం, జంతువును శుభ్రం చేయడం ధరలో కలిసే ఉన్నాయా? దెబ్బ తగిలి దొరక్కుండా పోతే వేట అక్కడితో ముగిసినట్టేనా? చాలామంది ముగిసినట్టే అంటారు, అది న్యాయం కూడా. అన్నిటికంటే ముఖ్యం, డ్రాలో ట్యాగ్ రాకపోతే అడ్వాన్స్ వెనక్కి ఇస్తారా, వచ్చే ఏడాదికి జరుపుతారా? దీనికి జవాబు కాగితం మీద ఉండాలి. పాత కస్టమర్ల నంబర్లు అడిగి ఇద్దరు ముగ్గురితో మాట్లాడు, వాళ్లలో ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడు ఒకడైనా ఉండేలా చూసుకో. ఆ గైడ్ ఎలాంటివాడో అతని మాటల్లో తెలుస్తుంది. నూటికి నూరు శాతం గ్యారంటీ అనేవాడి దగ్గరికి మాత్రం పోకు. వేట అయ్యాక గైడ్‌కి టిప్ ఇవ్వడం ఇక్కడ ఆనవాయితీ, వేట ఖర్చులో పది పదిహేను శాతం విడిగా పెట్టుకో.

తుపాకి సంగతి జాగ్రత్తగా చదువు. నువ్వు టూరిస్ట్ వీసా మీద వస్తావు. అలా వచ్చినవాళ్లు తుపాకిగానీ తూటాలుగానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువున్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అంటే లైసెన్స్ నీ జేబులో పడేదాకా రైఫిల్ ముట్టుకోకూడదు, ప్రాక్టీస్ కోసం రేంజ్‌కి వెళ్లినా సరే. నా రైఫిల్ ఉందిగా అని కూడా అనుకోకు, నేను ఇచ్చినా అది తప్పే. ఇండియా నుంచి సొంత తుపాకి తేవాలంటే తుపాకుల వ్యవహారం చూసే ఇక్కడి ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ నుంచి ముందే దిగుమతి అనుమతి, అక్కడి కాగితాలు, ఎయిర్‌లైన్స్ నిబంధనలు... ఆ టెన్షన్ నీకెందుకు? అవుట్‌ఫిట్టర్ ఇచ్చే రైఫిల్ వాడు. ఏ రైఫిల్, ఏ స్కోప్, ఏ తూటా అని ఇప్పుడే అడిగి పెట్టుకో. తూటా సైజుల్లో .243 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ .270 గానీ ఈ జంతువుకు సరిపోతాయి.

వీసా అపాయింట్‌మెంట్ కోసం ట్యాగ్ ఫలితాల దాకా ఆగకు. హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం కాబట్టి ఈ పని ముందే మొదలుపెట్టు. ఎందుకు వెళ్తున్నావని అడిగితే మావయ్యను చూడ్డానికి, లైసెన్స్ తీసుకుని వేటకు అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. హంటర్ సేఫ్టీ సర్టిఫికెట్ కూడా కావాలి. 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు వయోమింగ్‌లో అది తప్పనిసరి. అనుభవం ఉన్న మెంటార్ వెంట ఉంటే మినహాయింపు దొరుకుతుంది కానీ, నువ్వు కోర్సు చెయ్యి. తుపాకి ఎటు చూపిస్తున్నావు, లక్ష్యం వెనక ఏముంది అన్నది అలవాటుగా మారాలంటే ఆ చదువు అవసరం.

గచ్చిబౌలి రేంజ్‌లో 50 మీటర్ల ప్రోన్‌లో, అంటే పడుకుని కాల్చే పోటీలో, నీ స్కోర్లు బాగుంటాయని మీ అమ్మ గొప్పగా చెప్పింది. ఆ పునాది నీకు చాలా ఉపయోగం. ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం నీకు వచ్చు. అయితే ఇక్కడ బిగుతైన జాకెట్ ఉండదు, మెత్తటి చాప ఉండదు. బైపాడ్ అనే రెండు కాళ్ల స్టాండ్ మీదో, బ్యాగ్ మీదో రైఫిల్ ఆనించి, రాళ్ల మీద పడుకుని, పాకడం వల్ల ఎగపోస్తున్న ఊపిరితో కాల్చాలి. ఎత్తు 5,000 అడుగులు, కొన్నిచోట్ల 7,000. గాలి ఆగదు. గంటకు 20 మైళ్ల అడ్డగాలిలో 200 గజాల దూరానికి తూటా నాలుగైదు అంగుళాలు పక్కకు పోతుంది. ప్రాంగ్‌హార్న్ చిన్న జంతువు, మగది కూడా 50 కిలోల అటూ ఇటూ ఉంటుంది. ఊపిరితిత్తుల దగ్గర నీకు దొరికే చోటు ఎంతో ఊహించుకో. అందుకే నీ హద్దు 200 గజాలని ఇంట్లో ఉండగానే నిర్ణయించుకో. 400 గజాల్లో కొట్టినవాళ్ల కథలు ఇక్కడ చాలా వింటావు. వాళ్లు మిస్సయినవి ఎవరూ చెప్పరు. ఇప్పటి నుంచి రేంజ్‌లో మోకాలి మీద, కూర్చుని, ఉరికొచ్చి వెంటనే పడుకుని కాల్చడం ప్రాక్టీస్ చెయ్యి. ఇక్కడికి వచ్చాక గైడ్ రైఫిల్‌తో మొదటి రోజే కాగితం మీద కాల్చి చూపించు. అతను అడక్కపోయినా నువ్వే అడుగు.

మైదానంలో సేజ్‌బ్రష్ పొదలు మోకాలు దాటవు, దాక్కోవడానికి చెట్టుండదు. ప్రాంగ్‌హార్న్‌ల చూపు మహా పదును, కళ్లు తలకు పక్కలకు ఉండటంతో దాదాపు చుట్టూ కనపడుతుంది. పరుగు గంటకు 88 కిలోమీటర్ల దాకా. పరిగెత్తేవాటి మీద నువ్వు కాల్చడం లేదు, అది ఇప్పుడే రాసి పెట్టుకో. గైడ్ దూరం నుంచే మందను పసిగడతాడు. మధ్యలో ఒక మిట్టో వాగు గాడో చూసుకుని, గాలి వాటం చూసి, చివరి వంద గజాలు పొట్ట మీద పాకిస్తాడు. నేలంతా చిన్న నాగజెముడు ముళ్లు. తోలు చేతితొడుగులు, మోకాళ్లకు గట్టి ప్యాడ్లు తెచ్చుకో. ఖరీదైన క్యామో బట్టల కంటే అవే ఎక్కువ పనికొస్తాయి. కాషాయ రంగులోనో గులాబీ రంగులోనో మెరిసే వెస్టో టోపీయో చట్ట ప్రకారం వేసుకోవాలి, ఇక్కడే కొందాం. అక్టోబర్‌లో పగలు ఎండ, తెల్లవారుజామున గడ్డకట్టే చలి. వాన పడితే మట్టిరోడ్లు జిగురు బంకలా పట్టేస్తాయి, ఒక రోజంతా పోవచ్చు. మూడు రోజుల వేటకు ఐదు రోజులు చేతిలో ఉంచుకో.

మగదాన్ని గుర్తించాలంటే కొమ్ములు మాత్రమే చూడకు, ఆడవాటిలో కొన్నిటికి కూడా చిన్న కొమ్ములుంటాయి. దవడ కింద నల్లటి మచ్చ ఉంటే మగది. చెవి పొడవు ఆరంగుళాల దాకా ఉంటుంది, కొమ్ము దానికి రెట్టింపుంటే మంచి మగదే. మందలో అవి ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. నీదనుకున్నది పక్కకు తిరిగి, వెనకా ముందూ ఏదీ లేకుండా నిలబడేదాకా ఆగు. ఆగితే వెళ్లిపోతుందేమో అనిపిస్తుంది, వెళ్లిపోనీ. సందేహం ఉంటే ట్రిగ్గర్ మీంచి వేలు తీసెయ్. గైడ్ కొట్టు అన్నా సరే నీకు కుదరకపోతే కుదరదని చెప్పు. మంచి గైడ్ నిన్ను గౌరవిస్తాడు. వేటలో నీ చేతిలో నిజంగా ఉన్న నిర్ణయం ఇదొక్కటే, మిగతావి గాలి, వాతావరణం, అదృష్టం. తేడా వస్తే బాధపడేది ఆ జంతువు.

పడగానే ట్యాగ్ మీద తేదీ కత్తిరించి సంతకం చెయ్యి, ప్రైవేటు భూమి అయితే లైసెన్స్‌తో వచ్చే ల్యాండ్‌ఓనర్ కూపన్ నువ్వు ఆ భూమి యజమానికి ఇవ్వాలి. ఫోటోలకు రెండు నిమిషాలు చాలు. వీటి వెంట్రుకలు లోపల బోలుగా ఉండి వేడిని పట్టి ఉంచుతాయి. వెంటనే పేగులు తీసి, తోలు ఒలిచి, మాంసం ఐస్ పెట్టెల్లో పెట్టకపోతే చెడుతుంది. ప్రాంగ్‌హార్న్ మాంసం నీచు వాసన అనేవాళ్లు చాలామంది ఆ ఆలస్యం చేసినవాళ్లే. తినదగ్గ మాంసం వదిలేయడం ఇక్కడ నేరం. మాంసం, కొమ్ములు ఇండియాకు తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోకు, కస్టమ్స్‌లో ఇరుక్కుంటావు. మాంసం డెన్వర్‌లో మా ఫ్రీజర్‌కి వస్తుంది. మీ అత్తయ్య అల్లం, మిరియాలతో వేపుడు చేస్తుంది, నడుం కండ మాత్రం ఎక్కువసేపు పొయ్యి మీద ఉంచకూడదు. మిగిలింది మన వాళ్లకు పంచుదాం.

మీ అమ్మ నాతో ఫోన్‌లో బాధపడింది. రోళ్లపాడులో కృష్ణజింకలను చూసి మురిసిపోయిన పిల్లాడు ఇప్పుడు వేటంటున్నాడేమిటని. ఆమెకు నువ్వే వివరంగా చెప్పు. మనదేశంలో 1972 చట్టం కృష్ణజింకకు రక్షణ ఇచ్చింది, ఆ రక్షణ పూర్తిగా సరైనది. ఇక్కడ పందొమ్మిదో శతాబ్దం చివరికి అడ్డూ అదుపూ లేని వేటతో ప్రాంగ్‌హార్న్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వేటను ఆపి, తర్వాత ట్యాగ్‌లతో అదుపు చేసి, లైసెన్స్ ఫీజులతోనూ 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వన్యప్రాణుల కోసం మళ్లించిన తుపాకులు, తూటాల పన్నుతోనూ మందలను తిరిగి నిలబెట్టారు. 2022-23 చలికాలంలో పడమటి వయోమింగ్‌లో మంచుకూ జబ్బుకూ చాలా చచ్చిపోయాయి, వెంటనే ట్యాగ్‌లు తగ్గించేశారు. నీకు డ్రాలో రాకపోతే ఈ సంగతి గుర్తు తెచ్చుకుని, కోపగించుకోకుండా 31 డాలర్లు కట్టి పాయింట్ కొనుక్కో. ఇంత చెప్పినా మీ అమ్మ మనసు ఒప్పుకోకపోతే వాదించకు. ఆ ఏడాది కెమెరాతో రా, గ్రాండ్ టీటన్ నుంచి గ్రీన్ రివర్ లోయకు అవి వలస వెళ్లే దారి చూపిస్తాను. పైన్‌డేల్ దగ్గర హైవే మీద వాటి కోసమే వంతెన కట్టారు.

ఈ నెలలో వీసా ఫారం నింపు, హంటర్ సేఫ్టీ కోర్సు మొదలుపెట్టు. అవుట్‌ఫిట్టర్లతో మాట్లాడి ముగ్గురి పేర్లు నాకు పంపు, బోర్డు లిస్టులో నేనూ చూస్తాను. జనవరిలో దరఖాస్తులు తెరవగానే ఏ ఏరియా పెట్టాలో అవుట్‌ఫిట్టర్‌ని కూడా లైన్‌లో పెట్టుకుని మాట్లాడుకుందాం. మీ అమ్మకు, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య