కోట్ల కేసుల అంకె చూసి జడ్జి పరీక్ష వద్దనాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాస్తానంటోంది. కింది కోర్టుల్లో 4 కోట్లకు పైగా కేసులు పెండింగ్ అని పేపర్లో చదివినప్పటి నుంచి నాకు టెన్షన్. జీవితాంతం ఆ ఫైళ్ల కింద నలిగిపోతుందేమో! వేరే దారి చూసుకోమని చెప్పనా?

జవాబు: అంకె నిజమేనండీ. కాకపోతే అది చెరువులో నిలిచిన నీటి లెక్క. మీరు చూడాల్సింది ఏటా చేరే నీరెంత, తూములోంచి పోయేదెంత అని. నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ సైట్‌లో 2015 నుంచి ఈ వివరాలు ఎవరైనా చూడొచ్చు. మీ జిల్లా ఎంచుకుంటే సివిల్, క్రిమినల్ కేసులు విడివిడిగా, ఎన్నేళ్ల నాటివి, ఏ దశలో ఉన్నాయి, ఎన్ని దాఖలై ఎన్ని తేలాయి అన్నీ కనిపిస్తాయి. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఓ గంట చూడండి.

పెండింగ్‌లో ఎక్కువ భాగం క్రిమినల్ కేసులే. నిందితుడు పరారీ, సాక్షికి సమన్లు అందలేదు, పైకోర్టు స్టే... ఇలా ఆగిపోయినవి బోలెడు. చెక్ బౌన్స్ కేసూ ఒకటే, పాతికమంది సాక్షులున్న హత్య కేసూ ఒకటే ఆ లెక్కలో. అందుకే జడ్జి పనితీరుకు హైకోర్టులు కేసు రకాన్ని బట్టి యూనిట్లు (మార్కుల్లాంటివి) పెట్టాయి. కుప్పంతా ఖాళీ చేయమని ఎవరూ అడగరు.

అలాగని పని తేలిక అనను. 10 లక్షల జనాభాకు 50 మంది జడ్జిలు ఉండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. మంజూరైన పోస్టులే ఇప్పటికీ అందులో సగానికి రాలేదు, వాటిలోనూ వేలల్లో ఖాళీలు. పక్క కోర్టు ఖాళీగా ఉంటే ఇన్‌చార్జ్ బాధ్యత మీద పడుతుంది. తీర్పులు రాసుకోవడం చాలాసార్లు రాత్రి ఇంటి దగ్గరే. మూల వేతనం 77,840తో మొదలవుతుంది కాబట్టి డబ్బు సంగతి పెద్ద చింత కాదు.

అసలు మీరు ఇప్పుడే తేల్చుకోవాల్సిన పనే లేదు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ పరీక్షకు లాయరుగా 3 ఏళ్ల ప్రాక్టీస్ తప్పనిసరి అయింది. ఆ మూడేళ్లు హైకోర్టు మోజులో పడకుండా సాక్షుల విచారణ జరిగే ట్రయల్ కోర్టులో సీనియర్ లాయరు దగ్గర చేరమనండి. ఇది నా గట్టి అభిప్రాయం.

అంతకంటే ముందు ఒక్క రోజు మీ ఊరి కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోమనండి. పదిన్నరకి కాల్ వర్క్, అంటే ఆ రోజు కేసుల్ని వరసగా పిలవడం, మొదలవుతుంది. అటెండర్ గుమ్మంలో నిలబడి పేర్లు కేకేస్తాడు, ఒక్కో కేసుకీ నిమిషం కూడా పట్టదు, చాలావాటికి వాయిదా. ఆ హడావిడి సద్దుమణిగాక బోనులోకి ఓ సాక్షి వస్తాడు. క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నలకు, అతను తడబడుతుంటే జడ్జి ఒక్కో మాటా ఆచితూచి టైపిస్టుకు చెబుతారు. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మాయి వాయిదాల గురించి విసుక్కుంటుందో, ఆ సాక్షి అబద్ధం ఎక్కడ దొరికిందో చెబుతుందో వినండి.