తుపాకీ సందేహాలు: ప్రెయిరీ డాగ్‌లకు ఏ తూటా?

ప్రశ్న: మా పశువులు మేసే పచ్చిక మైదానమంతా ప్రెయిరీ డాగ్‌ల (ఉడుత జాతికి చెందిన అమెరికా జంతువులు) బొరియలే. భూయజమాని వేటకు ఒప్పుకున్నారు. కాల్చాల్సిన దూరం 100 నుంచి 300 గజాలు. .22-250 అనే రకం తూటా తీసుకోమని ఒక మిత్రుడు, .223 సరిపోతుందని మరొకరు చెబుతున్నారు. తూటా ఏది, రైఫిల్ ఎలాంటిది తీసుకోవాలి?

జవాబు: దూరం రాశారు, సంతోషం. ఒక పూటలో ఎన్ని తూటాలు కాలుస్తారో మాత్రం రాయలేదు. నేను మొదట అడిగేది అదే. కొయోటీ (నక్కలాంటి జంతువు) కోసం మాటు వేసినవారికి రోజంతా రెండు మూడు తూటాలు చాలు. ప్రెయిరీ డాగ్ కాలనీ ముందు కూర్చుంటే గంటలో యాభై అయిపోవచ్చు. మీది రెండో రకం వేట కాబట్టి నా ఓటు .223 రెమింగ్టన్‌కే.

.22-250 గొప్ప తూటా, అందులో సందేహం లేదు. .250 సావేజ్ అనే మరో తూటా ఇత్తడి తొడుగు మెడను సన్నగా నొక్కి ఔత్సాహికులు ఏళ్ల తరబడి సొంతంగా చేసుకున్న ఈ తూటాను 1965లో రెమింగ్టన్ కంపెనీ తన పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాములు) బుల్లెట్‌ను, అంటే తూటా కొసనుంచి ఎగిరిపోయే ముక్కను, అది సెకనుకు సుమారు 3,680 అడుగుల వేగంతో పంపుతుంది. అదే బరువున్న బుల్లెట్‌కు .223 ఇచ్చే వేగం 3,240 అడుగులు. ఆ తేడా కోసం దాదాపు మూడోవంతు ఎక్కువ తుపాకీ మందు మండాలి. రెండింటి గొట్టం రంధ్రమూ ఒకే వెడల్పు. అదనపు మంటంతా ఆ ఇరుకు దారిలోంచే పోవాలి.

నా మొదటి రైఫిల్ సన్నని గొట్టమున్న .22-250. ఒక వేసవి ఉదయం వరసగా ఇరవై తూటాలు కాల్చాను. స్కోపులో (గురి చూసే దుర్భిణిలో) గడ్డి పరకలు నీటి అడుగున ఉన్నట్టు అల్లాడాయి. గాలి లేచిందనుకుని గురి పక్కకు జరిపాను, తప్పింది. మళ్లీ జరిపాను, మళ్లీ తప్పింది. చివరికి గొట్టాన్ని తాకి చూస్తే వేలు క్షణమైనా నిలవలేదు. దాని వేడికే అద్దం ముందు గాలి ఆడుతోంది. అప్పటినుంచి పది తూటాలకొకసారి బోల్టు (గొట్టం వెనక భాగాన్ని మూసే కడ్డీ) తెరిచి రైఫిల్‌ను నీడలో పెడతాను. .223 కూడా వేడెక్కుతుంది, కానీ చాలా నెమ్మదిగా.

ఇంకో లాభం ఉంది. బరువైన .223 రైఫిల్ భుజాన్ని పెద్దగా తన్నదు. లక్ష్యం స్కోపులోనే ఉంటుంది, బుల్లెట్ పడినచోట దుమ్ము లేవడం కనిపిస్తుంది. తర్వాతి గురి ఎటు సవరించాలో ఆ దుమ్మే చెబుతుంది.

రైఫిల్ విషయానికొస్తే, లావైన 24 అంగుళాల గొట్టమున్న బోల్టు యాక్షన్, అంటే ప్రతి తూటాకూ బోల్టును చేత్తో లాగే రైఫిల్, తీసుకోండి. గొట్టం లోపలి గాడుల మెలిక తప్పక అడగండి. 9 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గొట్టం 40 గ్రెయిన్ల నుంచి దాదాపు 70 గ్రెయిన్ల దాకా బుల్లెట్లను చక్కగా నిలుపుతుంది. 7 అంగుళాల మెలిక మీ పనికి అనవసరం. పలుచని తొడుగున్న తేలిక బుల్లెట్లు అందులో అతివేగంగా గిరగిర తిరిగి గాలిలోనే చెదిరిపోవచ్చు. చాంబర్ (తూటా కూర్చునే గది) మీద .223 అని మాత్రమే ఉంటే, చూడ్డానికి అలాగే ఉండే సైనిక 5.56 తూటాలు వాడకండి, పీడనం ప్రమాదకరంగా పెరగవచ్చు.

.204 రూగర్ అనే తూటా కూడా ఈ పనికి బాగుంటుంది. చిన్న తూటా అయిన .17 హెచ్‌ఎంఆర్‌ను 150 గజాల లోపు, గాలి లేని ఉదయాలకు ఉంచుకోండి.

బుల్లెట్ మాత్రం తాకగానే చిట్లే వార్మింట్ (బెడద జంతువుల వేట కోసం చేసిన) రకమే కావాలి. మైదానం చదును. పూర్తి లోహపు తొడుగున్న బుల్లెట్ నేలను తాకి ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం, అవతల పశువులున్నాయి. సీసం ముక్కలున్న కళేబరాలను గద్దలు తింటాయి కాబట్టి నేను సీసం లేని వార్మింట్ బుల్లెట్లకు మారాను. మీరూ మారితే సంతోషిస్తాను.

ట్రిగ్గర్ మీద వేలు పెట్టే ముందు ప్రతి తలనూ పరిశీలించండి. ఒకసారి బొరియ అంచున కనిపించిన గోధుమరంగు తల మీద గురి పెట్టాను. అది ఇటు తిరిగింది. పసుపు కళ్లు, పొడుగాటి కాళ్లు. ప్రెయిరీ డాగ్‌లు వదిలేసిన బొరియల్లో గూడు పెట్టుకునే చిన్న గుడ్లగూబ అది, చట్టం రక్షణ ఉన్న పక్షి. కొన్నిచోట్ల అంతరించిపోతున్న నల్లకాళ్ల ఫెరెట్‌లు (ముంగిసలాంటి చిన్న జంతువులు) కూడా ఈ కాలనీల్లోనే బతుకుతాయి. యూటా ప్రెయిరీ డాగ్‌కైతే దానికే ప్రత్యేక రక్షణ ఉంది. మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిబంధనలు ముందే చదవండి.

ప్రశ్న: వాడిన వార్మింట్ రైఫిల్ కొనవచ్చా?

జవాబు: కొనవచ్చు. చాంబర్ దాటాక గొట్టం తొలి అంగుళాలను బోర్‌స్కోప్‌తో (గొట్టం లోపల చూసే పరికరంతో) చూపించమనండి. ఎక్కువ కాల్చిన గొట్టంలో అక్కడ ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు కనిపిస్తాయి. సన్నని నెర్రెలుంటే భయం లేదు. గాడుల అంచులే అరిగిపోయి ఉంటే కొత్త గొట్టం ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి. ఐదేసి తూటాలు మూడుసార్లు కాల్చి చూడకుండా డబ్బు చేతిలో పెట్టకండి.